తోమిన మూకుడు

నా నెత్తురులో ఇనుము తక్కువైందని పోయిన నెల నిజామాబాద్‌లో డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు నవ్వాగలేదు. పాపం, ఆ పిల్ల భయపడింది. రిపోర్టు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునే వాళ్ళను చూసి ఉంటుంది గాని, కుర్చీలోంచి జారిపోయేలా నవ్వే ముసలమ్మను ఎన్నడూ చూసి ఉండదు. నేనేం చెయ్యను? నాందేడ్ మోంఢా బజారులో మూడు తరాలుగా ఇనుమమ్మిన ఇంట్లో పుట్టినదాన్ని. దిష్టి తగలకుండా మా నాయనమ్మ నా ఉయ్యాల కింద ఇనుప మేకు పెట్టిందట. నడక వచ్చిన మొదటి రోజునే అది నా కాలికి గుచ్చుకుందట. మా ఇంట్లో దేనికైనా కరువొచ్చి ఉండొచ్చు, ఇనుముకు మాత్రం ఏనాడూ రాలేదు. అట్లాంటిది ఇప్పుడు డెబ్భై దగ్గర పడుతుంటే నాలోనే ఇనుము కరువైందంటే, మా నాయనమ్మ పై లోకంలో తల కొట్టుకుంటూ ఉంటుంది. డాక్టరమ్మ ఎర్ర గోలీలు రాసిచ్చి, "వీలైతే ఇనుప మూకుట్లో వండుకొని తినండమ్మా" అంది. ఆ మాట వినగానే నాకు ఒకే ఒక్క మూకుడు కళ్ళ ముందు కదిలింది. మర్నాడు పొద్దున్నే నాందేడ్ రైలెక్కాను. దారి పొడుగునా కిటికీ పక్కన కూర్చొని నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను.

మా దుకాణానికి ఒక వాసన ఉండేది. కిరోసిను, గోనెసంచులు, గ్రీజు, వాటన్నింటి కింద ఇనుము. చెమట చేత్తో ఇనుప గొలుసు పట్టుకొని తర్వాత అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటే వచ్చే పుల్లటి వాసన అది. మొదటి వాన పడ్డ రోజు అది ఇల్లంతా నిండేది, ఎందుకంటే దుకాణం ముందర, ఇల్లు వెనుక. గడ్డపారలు, నాగలి కర్రులు, కొడవళ్ళు, మేకుల డబ్బాలు, వీటి మధ్య నేను పెరిగాను. వాటి గురువు మా గంగాధర్ కాక, అంటే మా బాపుకు తమ్ముడు, నాకు చిన్నాన్న. కాక చదివింది ఏడో తరగతే గాని, ఇనుము సంగతి ఆయనకు తెలిసినంత మా శాళలో, అంటే మరాఠీ బడిలో, సైన్సు చెప్పే టీచరమ్మ బాయికి కూడా తెలియదు. రెండు కడ్డీలను బండ మీద వదిలేసేవాడు. ఒకటి ఖణ్ మనేది, ఒకటి దబ్ మనేది. "ఇనుమును అడుగు విమ్లీ, అదే చెప్తది. మనిషి లెక్క బుకాయించది" అనేవాడు. పోత ఇనుము ముక్కను సుత్తితో ఒక్కటిస్తే పెళ్ళుమని విరిగేది. "ఇది మీ నాయినమ్మ. మస్తు గట్టిగుంటది గని వంగదు." కమ్మరి సాగగొట్టిన పట్టీని వంచి చూపించేవాడు. "ఇది మీ అమ్మ. ఎటు వంచితె అటు వంగుతది, ఇరగది." లోపల్నుంచి ఇద్దరి గొంతులూ ఒకేసారి వినిపించేవి, కాక సుత్తి అక్కడ పడేసి బయటికి ఉరికేవాడు.

ఆదివారం నాకు ఒక పని ఉండేది. పాడైపోయిన లౌడ్‌స్పీకర్లోంచి కాక తీసిన పెద్ద అయస్కాంతానికి తాడు కట్టి, దుకాణమంతా కుక్కపిల్లను తిప్పినట్టు ఈడ్చుకుంటూ తిరగడం. కింద పడ్డ మేకులు, మరలు, ఇనుప రజను అన్నీ ఎగిరొచ్చి దానికి అతుక్కొని గడ్డం మొలిచేది. ఆ గడ్డాన్ని దువ్వుతూ నేను ఎంత సేపైనా కూర్చునేదాన్ని. దుకాణం ఎదురుగా మైదానంలో కమ్మరులు బండి చక్రాలకు ఇనుప పట్టాలెక్కించే రోజైతే ఇక బడి లేదు, అన్నం లేదు. చక్రం కన్నా వేలెడు చిన్నగా చేసిన పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చేవారు. కాలితే ఇనుముకు ఒళ్ళొస్తుంది కదా, చక్రం మీద సరిగ్గా కూర్చునేది. వెంటనే బిందెలకు బిందెలు నీళ్ళు గుమ్మరిస్తే చుర్రుమని పొగ లేచి, పట్టా బిగుసుకొని కట్టె కీచుమనేది. ఆ పొగలో మేం ఆడపిల్లలం చేతులు పట్టుకొని గిరగిరా తిరిగేవాళ్ళం. తర్వాత ఎప్పుడో బాయి మరాఠీలో "లోఖండ్ వేడికి వ్యాకోచిస్తుంది" అని బోర్డు మీద రాసినప్పుడు, ఇంత సంబరాన్ని ఇంత చప్పగా చెప్పొచ్చా అని నాకు ఆశ్చర్యం వేసింది.

నాయనమ్మకు ఇనుమే వైద్యం. మొహం పాలిపోయిన ఆడపిల్ల ఎవరు కనిపించినా, గంటెను పొయ్యిలో ఎర్రగా కాల్చి మజ్జిగ చెంబులో ముంచి చుర్రుమనిపించి ఆ మజ్జిగ తాగించేది. అందులో బూడిద, పొగ, కొంచెం భయం కూడా కలిసి ఉండేవి. ఆమె ప్రాణమంతా మాత్రం ఆమె అత్త ఇచ్చిన ఇనుప మూకుడులో ఉండేది. నలభై ఏళ్ళు నూనె తాగి తాగి దాని లోపలంతా నల్లగా, నున్నగా, అద్దంలా తయారైంది. దాన్ని తోమకూడదు. గుడ్డతో తుడిచి, నూనె చుక్క రాసి, కొక్కేనికి తగిలించాలి. కోడలికి కూడా దాన్ని ముట్టే హక్కు లేదు. అమ్మ మాత్రం ఏం తక్కువ తిన్నది? అప్పుడప్పుడే ఇళ్ళలోకి వస్తున్న స్టీలు గిన్నెలను పాత చీరలిచ్చి ఒక్కొక్కటి కొని, తోమి తోమి గూట్లో మెరిపించేది. కాక వెళ్ళి ఆ గిన్నెకు అయస్కాంతం పెట్టి చూసి, అది జారిపోగానే, "వదినా, మోసపోయినవు. ఇది ఇనుమే కాదు" అన్నాడు. అమ్మ రెండు రోజులు ఆయనకు పెరుగు వెయ్యలేదు. స్టీల్లో ఎక్కువ భాగం ఇనుమేనని చాలా ఏళ్ళ తర్వాత నేను పుస్తకంలో చదివి చెబితే, అమ్మ అప్పుడు కూడా ఆ పెరుగు సంగతి మరిచిపోలేదు.

ఇనుము గురించి ఇంత తెలిసిన కాకకు ఇనుము మీద లేని బెంగ ఒకటి తల మీద ఉండేది. ఇరవై రెండేళ్ళకే ఆయన జుట్టు నెరిసింది. ఇరవై తొమ్మిదికి పూర్తిగా తెల్లబడింది. పైగా బాపు ఆయన కన్నా ఆరేళ్ళు పెద్ద, జుట్టు చూస్తే కాకి రెక్క. దెగ్లూర్ వైపు ఒక పెళ్ళిచూపులకు పోతే వాళ్ళు బాపును పరుపు మీద కూర్చోబెట్టి, కాకను చూసి, "మీరు పిల్లగాని తండ్రా? నాస్టా తీస్కోండ్రి" అన్నారట. రెండో చోట పిల్ల లోపలికి పోయి ఏడ్చింది. మూడోచోట ఏమైందో మాకెవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చి టోపీ విసిరికొట్టి, "కుండల్‌వాడి సంబంధమే ఆఖరుది. ఇది సుత పోతె ఇగ నన్ను పిలువకుండ్రి. దుకాణంల తూకంరాయి లెక్క కూసుంట" అన్నాడు. ఎప్పుడూ నవ్వించే మనిషి ఆ మాట నవ్వకుండా అన్నాడు. నాకు పదమూడేళ్ళు. కాకకు పెళ్ళి కాకపోతే ప్రపంచం ఆగిపోతుందని గట్టిగా నమ్మాను. ఇప్పటికీ అది తప్పని అనుకోను.

"ఎయ్యి అబద్ధాలాడైన ఒక పెండ్లి చెయ్యాలె" అంది నాయనమ్మ. "మనం ఒక్కటే ఆడుదం. గది సుత నెత్తి మీద." ఉసిరిక పొడి, కరక్కాయ పొడి, కొంచెం మైదాకు, అంటే గోరింటాకు, చాయ్ డికాషన్‌లో కలిపి రాత్రంతా నానబెట్టి పెట్టుకుంటే జుట్టు నల్లబడుతుందని ఆమెకు తెలుసు. దాన్ని ఇనుములోనే నానబెట్టాలని కూడా తెలుసు. అయితే తన మూకుడు ఇవ్వడానికి మనసు రాలేదు. అమ్మ తన స్టీలు బేసిన్ ఇచ్చింది. రాత్రంతా నానింది, ముద్ద మట్టిరంగులోనే ఉంది. కాక పెట్టుకున్నాడు. కడిగితే ఉసిరిక, కరక్కాయ జాడ లేకుండా పోయి, మైదాకు ఒక్కటే పని చేసింది. తల నారింజ పండులా, హజ్‌కు పోయొచ్చిన ముసలాయన మైదాకు గడ్డంలా అయింది. ఆ రోజు దుకాణానికొచ్చిన ప్రతి టాంగావాలా, "సలాం హాజీసాబ్, హజ్ కో కబ్ గయే థే?" అని చెయ్యెత్తేవాడు. మోంఢా అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, గోనెసంచుల వెనక దాక్కొని.

కుండల్‌వాడి పెళ్ళిచూపులకు నాలుగు రోజులే మిగిలాయి. నాయనమ్మ గుండె రాయి చేసుకొని తన మూకుడు కిందికి దించింది. మళ్ళీ నానింది. ఈసారి కాక తల ఎండిన చింతపండు రంగుకొచ్చి అక్కడ ఆగిపోయింది. "అదే ఇనుము, అదే కరక్కాయ. ఎందుకు నల్లగైతలేదు?" అని కాక మూకుణ్ణి వేలితో కొట్టి విన్నాడు. ఖణ్ మంది. ఇనుములో లోపం లేదు. మరి లోపమెక్కడుంది?

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ఆ మర్నాడు మధ్యాహ్నం నాయనమ్మ పారాయణానికి పోయింది. రంగు నానబెట్టిన మూకుడు బావి దగ్గర జిడ్డుగా పడి ఉంది. సంబంధం కుదిరితే ఇల్లు చూడవచ్చే పాహుణేలు, అంటే పిల్ల తరఫు చుట్టాలు, ఇంత నల్లటి పాత్ర చూసి ఏమనుకుంటారు? అమ్మ స్టీలు గిన్నెలా మెరవొద్దా? మంచి చెయ్యాలనే ఉద్దేశంతోనే చింతపండు, ఉప్పు, ఇటుక పొడి తీసుకొని కూర్చున్నాను. అవి చాలకపోతే దుకాణంలోంచి గరుకు కాగితాలు తెచ్చాను. చెంగు నడుముకు చుట్టి, పాటలు పాడుకుంటూ, గంటల తరబడి తోమాను. నలభై ఏళ్ళ నలుపు పొరలు పొరలుగా లేచింది. కింద బూడిదరంగు ఇనుము బయటపడి తళతళలాడింది. నా మొహం అందులో కనిపించింది. నాకెంత గర్వమో! కడిగి ఎండలో బోర్లించాను. నాయనమ్మ వచ్చేసరికి దాని మీద సన్నగా ఎర్ర తుప్పు కూడా మొదలైంది.

ఆమె అరవలేదు. మూకుణ్ణి ఒళ్ళో పెట్టుకొని బావి గట్టు మీద కూర్చుంది. "నా అత్త ఇచ్చింది పిల్లా. నలభై ఏండ్ల నూనె. సత్యానాశ్ చేసినవు కదనే" అంది. ఆ మెల్లని గొంతు విన్నాక నాకు తిట్టినా బాగుండేదనిపించింది. తర్వాత తిట్టింది కూడా. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట దెబ్బలన్నట్టు నాతోపాటు అమ్మకూ పడ్డాయి, స్టీలు గిన్నెలకు కూడా పడ్డాయి. ఆ సాయంత్రం అందులో చేసిన పులుసు సిరాలా నల్లబడింది, ఎవరూ తినలేదు. "ఇగ ఇది ఎందుకు పనికొస్తది? నెత్తికే పెట్టుకోండ్రి" అని నాయనమ్మ దాన్ని దూరంగా తోసింది. అమ్మ దాన్ని కడిగి, మిగిలిన పొడులన్నీ అందులో కలిపి మూత పెట్టింది.

పొద్దున మూత తీసింది కాక. "వదినా!" అని కేక పెట్టాడు. అందరం ఉరికాం. మూకుడులో తారు ఉంది. వేలు పెడితే వేలు నల్లబడింది, తుడుచుకుంటే గుడ్డ నల్లబడింది, గుడ్డ తగిలిన గోడ నల్లబడింది. ఎందుకిట్లా అయిందో నాకు తర్వాత నెలలో బడిలో అర్థమైంది. బాయి సీసాలో మరగబెట్టిన నీళ్ళు పోసి, మేకు వేసి, పైన నూనె పొర పోసి, నూనె కాపు కాస్తే ఇనుముకు తుప్పు పట్టదని చూపిస్తుంటే నేను బెంచీ మీద నిలబడి "మా మూకుడు!" అని అరిచాను. నలభై ఏళ్ళ నూనె ఇనుమును కవచంలా కప్పేసింది. కరక్కాయ వగరుకు ఇనుము తగలనే లేదు. నేను కవచం ఊడదీశాను. బాయి నన్ను బయట నిలబెట్టింది, నేను బయట నిలబడి కూడా నవ్వుతూనే ఉన్నాను.

కాక తల కడుక్కొని వచ్చేసరికి బాపే గుర్తుపట్టలేదు. ఆ నలుపు అచ్చంగా పుట్టు నలుపు. నాయనమ్మ అలక మానుకొని మెటికలు విరిచింది. కాకపోతే ఆ నలుపు జుట్టు దగ్గర ఆగలేదు. నుదుటి మీద గీత, చెవుల వెనక మచ్చలు, పది వేళ్ళ గోళ్ళూ బొగ్గులు. నిమ్మచెక్కలతో రుద్దాం. నుదురు తేలింది, చెవులు సగం తేలాయి, గోళ్ళు మాత్రం కదలలేదు. అట్లాగే కుండల్‌వాడి బస్సెక్కాం. ఈసారి ఎవరూ పెళ్ళికొడుకనుకోకుండా బాపుకు తెల్ల టోపీ పెట్టించి, ధోతరం కట్టించి, నోరు తెరవకుండా మధ్య మధ్యలో పెద్దమనిషిలా దగ్గమని నాయనమ్మ చెప్పింది. బాపు బస్సులో కూడా దగ్గుతూనే వచ్చాడు.

వాళ్ళది కిరాణా దుకాణం. చాప మీద కూర్చోబెట్టారు. నేను కాక పక్కన. కాక రెండు చేతులూ రుమాలు కింద దాచుకున్నాడు. పిల్ల వచ్చింది, పేరు శకుంతల. తల వంచుకొని చాయ్ పళ్ళెం పట్టుకొని ఒక్కొక్కరి ముందూ ఆగుతోంది. అప్పుడు నాకు అసలు చిక్కు తట్టింది. మా వైపు పిల్ల ఇచ్చిన చాయ్ ముట్టకపోతే పిల్ల నచ్చలేదన్నట్టే లెక్క. ముట్టాలంటే రుమాలు కిందినుంచి చెయ్యి బయటికి రావాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె కాక ముందు ఆగింది. కాక కదల్లేదు. పిల్ల మేనమామ మొహం మారింది. బాపు గట్టిగా దగ్గాడు. "తీస్కో కాకా" అని నేను మోచేత్తో పొడిచాను. కాక కళ్ళు మూసుకొని, ఉరికంబానికి మెడ ఇచ్చినట్టు, చెయ్యి చాపాడు.

ఆ క్షణంలో నేను కాక గోళ్ళను చూడలేదు. సాసరు పట్టుకున్న ఆమె గోళ్ళను చూశాను. పదీ బొగ్గులే.

కాక కళ్ళు తెరిచి వాటినే చూశాడు. ఆమె ఆయన గోళ్ళను చూసింది, తర్వాత చెవి వెనక్కి చూసింది. పెదవి బిగబట్టింది, ఆపుకోలేకపోయింది. చేత్తో నోరు మూసుకొని కిలకిలా నవ్వింది. పెద్దవాళ్ళు బిత్తరపోయారు. మేనమామ సర్దుకొని, "పిల్లగాన్ని ఏమన్న అడుగుతవా బిడ్డా?" అన్నాడు, ఎవరూ ఏమీ అడగరన్న ధైర్యంతో. ఆమె అడిగింది.

"మీ ఇంట్ల ఇనుప మూకుడు నూనె వట్టి ఉంటదా, తోమి ఉంటదా?"

పిల్లకు వంటింటి మీద ఎంత శ్రద్ధ అని మేనమామ భార్య మురిసిపోయింది. కాక నోరు తెరిచేలోపే నాయనమ్మ అందుకుంది. "నూనె వట్టే ఉండె తల్లీ! నలభై ఏండ్ల మూకుడు! గీ పోరి తోమి ఖతం చేసింది" అని నా వైపు చెయ్యి చూపించి ముక్కు చీదింది. అప్పుడు కాక ఆ ఇంట్లో మొదటి మాట మాట్లాడాడు. "తోమి ఉంటది. ఇగ ముందు సుత తోమిందే ఉంటది."

"అయితే మంచిది" అంది ఆమె. కాక చాయ్ ఒక్క గుక్కలో తాగి నాలుక కాల్చుకున్నాడు.

ఆమెకు పదహారో ఏట నుంచే తెల్లజుట్టు. వాళ్ళ ఇంటి మూకుడు కూడా వాళ్ళ అవ్వ ఏళ్ళ తరబడి నూనె పట్టించిందే. రంగు పట్టకపోతే విరిగిన కొడవలితో లోపల ఎవరికీ తెలియకుండా గీకి గీకి దారి కనుక్కుందట. పెళ్ళయ్యాక ఈ సంగతి శకుంతల చిన్నమ్మ మాకు చెబుతుంటే నాయనమ్మ ముక్కున వేలేసుకుంది. రెండు ఇళ్ళూ ఒకే అబద్ధం ఆడుకొని సరిసమానమయ్యాయి. చిన్నమ్మ దుకాణంలోంచి కొత్త మూకుడొకటి దించి, రోజూ నూనె పట్టించి, ఆరేళ్ళలో నాయనమ్మ చేతికి నున్నగా అందించింది. పాతదాన్ని ప్రతి ఆదివారం తోమి, రంగు కలిపి పెరట్లో పెట్టేది. కాక తలకు చిన్నమ్మ, చిన్నమ్మ తలకు కాక. నలుపు కారుతున్న ఆ రెండు తలలూ ఎండలో పక్కపక్కన కూర్చొని జొన్నపేలాలు తింటుంటే, అంత అందమైన దృశ్యం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడు ఆ దుకాణంలో కాక కొడుకు ప్లాస్టిక్ పైపులమ్ముతున్నాడు. బండ్లకు రబ్బరు చక్రాలొచ్చాయి, పొగలో గిరగిరా తిరిగే పిల్లలు లేరు. జుట్టు రంగు చిన్న ప్యాకెట్టులో దొరుకుతుంది, గోళ్ళకు అంటదు. ఎర్రటి గంటె బదులు ఎర్ర గోలీలు నా సంచిలో ఉన్నాయి. అవి మింగితే చుర్రుమనదు, నాకు అందుకే నమ్మకం తక్కువ. నేను గడపలో అడుగు పెట్టేసరికి కాక, చిన్నమ్మ ఇద్దరూ వసారాలో ఉన్నారు. రెండు తలలూ ముగ్గుపిండి. "ఇదేంది చిన్నమ్మా, ఎప్పుడు మానేసిండ్రు?" అన్నాను.

"గాయనకు కండ్లల్ల మోతిబిందు పొర అచ్చింది గదా. కండ్లు కనవడుతలేవు, ఇగ ఎవలి కోసం అని నేను మానేసిన" అంది చిన్నమ్మ. "ఆపరేషన్ అయినంక పట్టీ ఇప్పిండ్రు. నా తల సూసి ఏమంటడో అని నాకు గుబులు. గాయన సూసి సూసి ఏమన్నడో ఎరికేనా? 'ఏందే, తోమిన మూకుడు లెక్క మెరుస్తున్నవు' అన్నడు. గా దినం నుంచి గాయన సుత పెట్టుకోలే."

నేను మూకుడు కావాలని అడిగాను, ఎందుకో చెప్పాను. ఇనుప కొట్టు పిల్లకు ఇనుము కరువా అని వాళ్ళిద్దరూ నాకన్నా ఎక్కువ నవ్వారు. చిన్నమ్మ పెరట్లోంచి దాన్ని తెచ్చింది. లోపలంతా ఎర్రగా తుప్పు. కాక వేలితో దాన్ని కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఖణ్ అంటుంది. మంచిగనే ఉంది" అన్నాడు.

"తీస్కపోయి మంచిగ నూనె పట్టియ్యి బిడ్డా. తోమకు, మీ నాయినమ్మ ఉసురు తాకుతది" అంది చిన్నమ్మ.

"తోమనియ్యే" అన్నాడు కాక. "గా తోముడుకే కదా నువ్వు దొరికినవు."

చిన్నమ్మ చేత్తో నోరు మూసుకొని కిలకిలా నవ్వింది. అదే నవ్వు. ఆ చేతి గోళ్ళు మాత్రం ఇప్పుడు తెల్లగా ఉన్నాయి.